మా బాబు పెన్సిల్ పిడికిలితో పడుతున్నాడు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళ రెండు నెలలు. ఈ ఏడు ఎల్‌కేజీలో చేర్పించాం. రంగులు వేసుకునేటప్పుడు క్రేయాన్‌ని వేళ్ళతోనే పట్టుకుంటాడు. పెన్సిల్ ఇచ్చి రాయమంటే మాత్రం పిడికిలి బిగించేస్తాడు. రెండు అక్షరాలు రాసేసరికి చెయ్యి నొప్పంటాడు. క్లాసులో వర్క్‌షీట్లు సగంలో ఆపేస్తున్నాడనీ, ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయించమనీ టీచర్ డైరీలో రాశారు. పక్క ఫ్లాట్ పాపది ఇదే క్లాసు. ఏ నుంచి జెడ్ దాకా, అ నుంచి అః దాకా చూడకుండా రాసేస్తుంది. మావాడికి బంతి విసిరితే పట్టుకోవడం కూడా రాదు, కళ్ళు మూసుకుని మొహం తిప్పేసుకుంటాడు. ఒక్కోసారి ఎడమ చేత్తో గీస్తాడు. మాది ఆరో అంతస్తు, ఎక్కడం దిగడం అంతా లిఫ్టులోనే. ఎప్పుడైనా మెట్లు దిగితే ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగుతాడు. నాకు ఉద్యోగం, పొద్దున్నే హడావుడి. స్నానం, బట్టలు, బూట్లు అన్నీ నేనే కానిచ్చేస్తాను. అన్నం మా అత్తగారు ఫోన్ చూపిస్తూ తినిపిస్తారు, లేకపోతే తినడు. మగపిల్లలకి అన్నీ ఆలస్యమే అని ఆవిడ, నేనూ చిన్నప్పుడు అంతే అని మా ఆయన కొట్టిపారేస్తున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. దగ్గర్లో హ్యాండ్‌రైటింగ్ క్లాసులు ఉన్నాయి, చేర్పించమంటారా? వీడిలో ఏదైనా లోపం ఉందా? ఇంకో సందేహం: మా పాపకి తొమ్మిది నెలలు, ఇంకా పాకడం లేదు. త్వరగా నడుస్తుందని మా అత్తగారు వాకర్ తెప్పించారు. వాడొచ్చా?

– ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ముందు క్లాసు సంగతి తేల్చేద్దాం. చేర్పించకండి. ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయించడం కూడా ఆపేయండి. లోపం ఉందా అన్న ప్రశ్నకి ఉత్తరం చూసి ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ మీరు రాసిన వివరాల్లో భయపడాల్సినదేదీ నాకు కనిపించలేదు. ఇంట్లో మీరే చూసుకోగల గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి కింద చెబుతాను. వాటిని మాత్రం ఈ వారంలోనే చూడండి.

మీరు రాసినవాటిలో నాకు బాగా పనికొచ్చింది క్రేయాన్ ముచ్చట. పిల్లల చేతిపట్టు ఒక వరుసలో మారుతూ వస్తుంది. ఏడాదిన్నర పిల్లవాడు క్రేయాన్‌ని గుప్పిట పట్టి, భుజం మొత్తం కదిలిస్తూ గీస్తాడు. రెండు మూడేళ్ళకి వేళ్ళు కాగితం వైపు తిరుగుతాయి, కదలిక ఎక్కువగా మోచేతి నుంచి వస్తుంది. మూడున్నర, నాలుగేళ్ళ ప్రాంతంలో క్రేయాన్ మూడు నాలుగు వేళ్ళ మధ్యకి చేరుతుంది గానీ వేళ్ళు కదలవు, మణికట్టు కదులుతుంది. వేళ్ళే కదిలి రాసే పట్టు నాలుగున్నర నుంచి ఆరేళ్ళ మధ్య ఎప్పుడో కుదురుకుంటుంది. పని తన శక్తికి మించిందనిపిస్తే పిల్లవాడు బాగా అలవాటైన పాత పట్టుకి దిగిపోతాడు. రంగులు వేసేటప్పుడు మీవాడి వేళ్ళు సరిగ్గానే పనిచేస్తున్నాయి. నాలుగు గీతల మధ్య ఇరుక్కున్న అక్షరం రాయమనేసరికి పిడికిలి వస్తోంది, నొప్పి వస్తోంది. పట్టు వాడికి తెలియక కాదు, పని బరువెక్కువై అలా చేస్తున్నాడు. ఈ స్థితిలో ఇంకా రెండు పేజీలు రాయిస్తే ఆ పిడికిలి పట్టే స్థిరపడుతుంది.

అలాగని అంతా బాగుందని కొట్టిపారేయను. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లల ఎదుగుదల పట్టికని 2022లో సవరించింది. నూటికి కనీసం 75 మంది పిల్లలు ఆ వయసుకి చేసే పనుల్నే అందులో పెట్టారు. నాలుగేళ్ళ దగ్గర చేతులకీ ఒంటికీ సంబంధించి నాలుగున్నాయి: పెద్ద బంతిని చాలాసార్లు పట్టుకోవడం, పెద్దవాళ్ళు పక్కన ఉండగా తనే వడ్డించుకోవడం లేదా నీళ్ళు పోసుకోవడం, కొన్ని గుండీలు విప్పుకోవడం, క్రేయాన్‌ని పిడికిలితో కాకుండా వేళ్ళకీ బొటనవేలికీ మధ్య పట్టుకోవడం. ఏ నుంచి జెడ్ దాకా రాయడం అందులో లేదు. ఐదేళ్ళ దగ్గర కూడా తన పేరులో కొన్ని అక్షరాలు రాస్తే చాలన్నట్టే ఉంది. మీవాడికి క్రేయాన్ వచ్చు, బంతి రాదు. గుండీలు, వడ్డించుకోవడం వచ్చో రాదో మనకి తెలియదు, ఎందుకంటే వాడికి ఆ అవకాశమే రాలేదు. స్నానం మీరు, బట్టలు మీరు, అన్నం నాన్నమ్మ, మెట్ల బదులు లిఫ్టు. వాడి చేతులకీ కాళ్ళకీ రోజంతా పనే లేదు. ఒక్కసారిగా బళ్ళో అన్నిటికంటే కష్టమైన పని ఇచ్చారు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఉద్యోగాల ఇళ్ళలో పొద్దున్న ఏడింటికి పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

గీతలు కూడా చేతికి ఒక వరుసలోనే పట్టుబడతాయి. బీరీ, బుక్‌టెనికా అనే ఇద్దరు 1967లో తెచ్చిన పరీక్ష ఒకటి ఉంది. బొమ్మ చూపించి అలాగే గీయమంటారు, ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని లెక్కన నిలువు గీత, అడ్డగీత, గుండ్రం మూడేళ్ళ ప్రాంతానికి వచ్చేస్తాయి. కూడిక గుర్తు నాలుగేళ్ళకి, చతురస్రం నాలుగున్నరకి. ఏటవాలు గీతలు కూడా నాలుగున్నరకి కాస్త అటూ ఇటూ. రెండు ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి దాటే ఇంటూ గుర్తు ఐదేళ్ళకి దగ్గర్లో, త్రిభుజం ఐదు దాటాక. ఇప్పుడు మీవాడి ఇంగ్లిష్ వర్క్‌షీట్ తీసి చూడండి. మొట్టమొదటి అక్షరమే రెండు ఏటవాలు గీతలు పైన ఒకచోట కలవాల్సిన 'ఏ'. కె, ఎం, ఎన్, వి, డబ్ల్యూ, ఎక్స్ అన్నీ ఏటవాలువే. నాలుగేళ్ళ రెండు నెలల చేతికి ఎల్, టి, హెచ్, ఓ చాలా నయం.

మన అక్షరాలు గుండ్రమే కదా, మూడేళ్ళకే రావాలి కదా అంటారేమో. సున్న చుట్టడం వేరు, చుట్టు సగంలో ఆపి చేతిని వెనక్కి తిప్పి లోపల ఇంకో మెలిక పెట్టడం వేరు. అ రాయాలంటే చెయ్యి దారి మార్చుకోవాలి. ఇ ఇంకా కష్టం. వర్ణమాల వరుసలో పోతే ఏడో అక్షరానికే ఋ వచ్చి కూర్చుంటుంది, దాని దగ్గర పెద్దవాళ్ళే తడబడతారు. నోటితో చదవడానికి ఆ వరుస చక్కగా ఉంటుంది, అలాగే చదివించండి. రాయడానికి మాత్రం సున్న, ర, ఠ, గ ముందు రావాలి, ఋ ఎక్కడో చివరికి పోవాలి. ఈ విషయంలో మన బడుల పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చదు.

అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం కదా. పూర్వం వీధి బడుల్లో ఇసుకలో దిద్దించేవాళ్ళు. పెన్సిల్ పట్టుకోవాల్సిన పని లేకుండా, అక్షరం ఎటు నుంచి ఎటు పోతుందో ఆ దారి ఒక్కటే చేతికి నేర్పే పద్ధతి అది. మనం ముహూర్తం రోజు ఒక్కసారి చేసి పళ్ళెం కడిగేసి, మర్నాటి నుంచి పుస్తకం ఇచ్చేస్తున్నాం. మీరు ఆ పళ్ళెం మళ్ళీ బయటికి తీయండి. పలచగా బొంబాయి రవ్వ పోసి రోజుకి ఒక అక్షరం, అరచెయ్యంత పెద్దది, వేలితో. చెరిపేసి మళ్ళీ రాసుకోవచ్చు గనక తప్పు అనే మాటే రాదు. పలకా బలపం కూడా మంచివే. బలపం పలక మీద కాస్త పట్టి పట్టి సాగుతుంది కాబట్టి ఎంత నొక్కుతున్నాడో చేతికి తెలుస్తుంది. విరిగిన చిన్న ముక్క అయితే మరీ మంచిది, దాన్ని పిడికిలితో పట్టుకోవడం కుదరదు. క్రేయాన్లు కూడా రెండుగా విరిచి ఇవ్వండి. (బలపం తినే అలవాటుంటే మాత్రం ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి, ఐరన్ తక్కువైన పిల్లలు అలా తింటుంటారు.)

ఈ సందర్భంలో ఒక మాట. వాట్సాప్‌లో ఒక ఎక్స్‌రే బొమ్మ తిరుగుతుంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. పిల్లల మణికట్టులో ఎముకలే ఉండవు కాబట్టి ఏడేళ్ళ దాకా పెన్సిల్ ముట్టించకూడదని దాని కింద రాస్తారు. ఎక్స్‌రే నిజమే. మణికట్టులో ఉండే 8 ఎముకల్లో పుట్టినప్పుడు ఒక్కటీ ఎక్స్‌రేలో కనిపించదు, అన్నీ మృదులాస్థిగానే, అంటే ఇంకా గట్టిపడని మెత్తటి ఎముకగానే ఉంటాయి. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడతాయి, తర్వాత ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా మిగతావి. అన్నిటికంటే చిన్నది, చిటికెనవేలి వైపు ఉండేది, బడికెళ్ళే వయసు చాలా గడిచాక గానీ కనిపించదు. కానీ దాన్నుంచి లాగిన అర్థం తప్పు. ఆ మృదులాస్థితోనే పిల్లలు జామచెట్లెక్కుతారు, కడ్డీలు పట్టుకుని వేలాడతారు. రాయడానికి కావలసింది చేతిలోని చిన్న కండరాల బలం, వాటిని అదుపులో పెట్టే మెదడు నేర్పు, చెయ్యి కదులుతున్నా భుజాన్ని నిలకడగా ఉంచే సత్తువ. ఇవి ఏడేళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటే రావు, వాడితే వస్తాయి.

మరి రోజూ రాయిస్తే రాదా అని మీరు అడగొచ్చు. 1929లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో గెసెల్, థాంప్సన్ అనేవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. కవల ఆడపిల్లల్లో ఒకరికి 46 వారాల వయసు నుంచి ఆరు వారాల పాటు మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపని వదిలేశారు. ఆ పాపకి 53 వారాలు వచ్చాక మొదలుపెట్టి రెండు వారాలు నేర్పితే, మొదటి పాపతో దాదాపు సమానంగా ఎక్కేసింది. ఇద్దరు పిల్లల మీద చేసిన పని అది, దాన్ని పట్టుకుని ఏదీ నేర్పనక్కర్లేదు అనడం కుదరదు. కెన్యాలో కిప్సిగిస్ అనే జాతి తల్లులు పిల్లలకి కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. చార్ల్స్ సూపర్ అనే పరిశోధకుడు 1976లో ఆ పిల్లల గురించి రాశాడు: నేర్పిన పనులు ముందే వచ్చాయి, నేర్పని పనులు ముందుకు జరగలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది, చేయించిన పనే వస్తుంది, వయసు వచ్చాక చేయిస్తే తక్కువ శ్రమతో వస్తుంది. మీవాడికి ఇప్పుడు వయసు వచ్చిన పనులు అన్నం ముద్ద, గుండీ, మెట్లు, బంతి. అక్షరాలకి ఇంకా టైముంది.

అన్నంతో మొదలుపెట్టండి. విదేశీ పట్టికల్లో స్పూను, ఫోర్కు అని ఉంటుంది గానీ చేత్తో తినడం వాటికి ఏమాత్రం తీసిపోని కసరత్తు. ఈ పూట మీరు తినేటప్పుడు మీ చేతినే గమనించండి. నాలుగు వేళ్ళ కొనలు అన్నాన్ని దగ్గరికి లాగుతాయి, బొటనవేలు అడ్డంగా నిలబడుతుంది, ముద్ద వేళ్ళ మీదికి ఎక్కుతుంది, మణికట్టు తిరుగుతుంది, నోటి దగ్గరికి వచ్చాక బొటనవేలు గోటివైపుతో లోపలికి నెడుతుంది. నేర్చుకునే పిల్లవాడు ఇవేవీ చేయడు. అరచేత్తో ఊడ్చి గుప్పిట పడతాడు, సగం వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, మిగతాది అరచేతికి అంటుకుంటుంది, దాన్ని నాకుతాడు. కొన్ని వారాలు ఓపిక పడితే అన్నం అరచేతి నుంచి వేళ్ళ కొనలకి మారుతుంది. క్రేయాన్ పట్టు నడిచిన దారీ ఇదే. ముద్దపప్పు, నెయ్యి వేసి కలిపిన అన్నం ఇవ్వండి, అది ముద్ద కడుతుంది. పెరుగన్నం జారిపోతుంది, దాన్ని చివరికి ఉంచండి. పొద్దున్న హడావుడిలో వద్దు, రాత్రి భోజనం చాలు.

అత్తగారితో "మీరు తినిపించకండి" అంటే అది వేరే గొడవకి దారితీస్తుంది. మొదటి నాలుగు ముద్దలు వాడు తినాలి, తర్వాత నాన్నమ్మ పెడుతుంది అని మాట్లాడుకోండి. నాలుగు మెల్లగా పది అవుతాయి. ఫోన్ విషయంలో మాత్రం మొహమాటపడకండి. కళ్ళు తెర మీదుంటే చెయ్యి ఎక్కడుందో వాడికి తెలియదు. ఐదేళ్ళలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో మూడు, నాలుగేళ్ళవాళ్ళకి రోజు మొత్తం మీద తెర గంటకి మించకూడదని, ఒళ్ళు కదిలే ఆటలు మూడు గంటలు ఉండాలని, అందులో ఒక గంట బాగా ఆయాసం వచ్చే ఆటలై ఉండాలని ఉంది. మీ ఇంట్లో మూడు పూటలా అన్నం దగ్గరే ఆ తెర గంట అయిపోతూ ఉండొచ్చు. ఫోన్ తీసేసిన మొదటి కొన్ని రోజులు తక్కువ తింటాడు, ఏడుస్తాడు. బరువు బాగానే ఉన్న పిల్లవాడికి ఓ నాలుగు పూటలు తక్కువైతే ఏమీ కాదు, ఆకలేస్తే తనే వస్తాడు.

గుండీలకి పొద్దున్న యూనిఫాం మీద యుద్ధం చేయకండి. ఆదివారం వాళ్ళ నాన్న పాత చొక్కా, పెద్ద గుండీలున్నది, బల్ల మీద పరవండి. ముందు విప్పడం నేర్పండి, అది సులువు. పెట్టడం నేర్పేటప్పుడు గుండీని కాజాలోంచి సగం దాకా మీరు దూర్చి, అవతలి నుంచి లాగడం వాడికి వదలండి. చివరి పని తనదైతే "నేనే పెట్టాను" అంటాడు. తర్వాత దూర్చడం కూడా వాడికి ఇవ్వండి. రెండు చేతులూ వేరు వేరు పనులు ఒకేసారి చేయడం ఇందులో ఉంది, కాగితాన్ని ఒక చేత్తో ఆపి రెండో చేత్తో రాయడానికి కావలసింది అదే.

ముగ్గు. అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు చారెడు చోటైనా ఉంటుంది కదా. బియ్యప్పిండి గిన్నెలో వేసి వాడికివ్వండి. పిండి తీసేది బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడే. పెన్సిల్ పట్టేదీ ఆ మూడే. గీత సన్నగా రావాలంటే బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా జరగాలి, ఆ చిన్న కదలికే రేపు రాతకి కావాలి. మొదట కుప్పలు కుప్పలుగా పోస్తాడు, పోయనివ్వండి. మగపిల్లాడికి ముగ్గేమిటని ఎవరైనా అంటే నేను చెప్పానని చెప్పండి.

వంటింట్లో మిగతా పనులు మీకే తోస్తాయి: చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి పొట్టు వలవడం, చపాతీ పిండి పిసకడం, జేబురుమాలు తడిపి పిండడం. కానీ తొమ్మిది నెలల పాప ఇంట్లో ఉంది. బఠాణీలు, పూసలు, గింజలు, పగిలిన బెలూన్ ముక్కలు దాని నోటికి అందితే ప్రమాదం. అలాంటివి పాప నిద్రపోయినప్పుడు, బల్ల మీద మాత్రమే.

చేతి సంగతి మాట్లాడుతూ భుజాన్ని మర్చిపోకూడదు. పిల్లల ఒంట్లో అదుపు మొండెం నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి, చివరికి వేళ్ళకి చేరుతుంది. పావుగంట నిటారుగా కూర్చోలేని పిల్లవాడు బల్ల మీద వాలిపోయి, తలని చేతి మీద ఆనించి రాస్తాడు. టీచర్లు దాన్ని బద్ధకం అంటారు. మీ అపార్ట్‌మెంట్ కింద ఆటస్థలంలో కడ్డీ పట్టుకుని వేలాడటం, జారుడుబల్లని మెట్ల వైపు నుంచి ఎక్కడం, బకెట్‌లో చెంబెడు నీళ్ళు పోసి మోయడం, మంచం కింద పాకడం, ఇవన్నీ రాతకి పునాదే. గోడకి పెద్ద కాగితం అంటించి నిలబడి గీయనివ్వండి. నిలువు గోడ మీద గీసేటప్పుడు మణికట్టు దానంతటదే వెనక్కి వంగి సరైన తీరులో నిలుస్తుంది. కూర్చుని గీసేటప్పుడు కాళ్ళు వేలాడకూడదు, కింద పీట వేయండి. నేల మీద బాసింపట్టు వేసుకుని చిన్న బల్ల పెట్టుకుంటే ఇంకా మంచిది.

బంతి దగ్గర కళ్ళు మూసుకోవడం భయం. మూడేళ్ళవాళ్ళు చేతులు కర్రల్లా చాపి నిలబడతారు, బంతి వచ్చి పడితే పడినట్టు. నాలుగేళ్ళకి చేతులు వంచి గుండెకి హత్తుకుంటారు. చేతులతోనే ఒడిసిపట్టడం ఐదారేళ్ళ పని. పల్చటి చున్నీ గాల్లోకి ఎగరేసి పట్టుకోమనండి. అది నెమ్మదిగా దిగుతుంది, తగిలినా నొప్పి ఉండదు, కళ్ళు దాని వెంట పోతాయి. తర్వాత గాలి తక్కువున్న పెద్ద ప్లాస్టిక్ బంతి, రెండడుగుల దూరం నుంచి, కింద నుంచి పైకి. క్రికెట్ బంతి వాళ్ళ నాన్న సరదా, ఇప్పుడే వద్దు.

మెట్ల సంగతి. ఎక్కేటప్పుడు కాలు మార్చి కాలు వేయడం మూడేళ్ళ ప్రాంతంలో, దిగేటప్పుడు నాలుగేళ్ళ ప్రాంతంలో వస్తుంది. లిఫ్టు మానేయనక్కర్లేదు. పైకి వచ్చేటప్పుడు ఐదో అంతస్తులో దిగి ఒక్క అంతస్తు నడిపించండి. కిందికి పోయేటప్పుడు మొదటి అంతస్తులో దిగండి. రెయిలింగ్ పట్టుకోనివ్వండి, మీరు ఒక మెట్టు కిందుగా ఉండండి. చెయ్యి మాత్రం పట్టుకోకండి.

ఎడమ చెయ్యి గురించి ఎక్కువ ఆలోచించొద్దు. ఏ చేతివాటం అన్నది మూడు నుంచి ఆరేళ్ళ మధ్య స్థిరపడుతుంది. నూటికి పదిమంది దాకా ఎడమచేతివాటం వాళ్ళే ఉంటారు. క్రేయాన్‌ని వాడికి ఎదురుగా మధ్యలో పెట్టండి, ఏ చేత్తో తీస్తే ఆ చేత్తో గీయనివ్వండి. చెయ్యి మార్చమని కసరడం, ఎడమ చేతి మీద కొట్టడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకుండా చూడండి.

ఇక మగపిల్లలకి ఆలస్యమే అన్న మాట. అందులో కొంత నిజం ఉంది. వేళ్ళ పనుల్లో, ఒంటికాలి మీద నిలబడటంలో ఈ వయసు ఆడపిల్లలు సగటున కాస్త ముందుంటారు. పక్క ఫ్లాట్ పాప మీవాడికంటే ఎన్ని నెలలు పెద్దదో కూడా కనుక్కోండి. ఒకే ఎల్‌కేజీలో నాలుగేళ్ళ పిల్లలూ ఐదేళ్ళకి దగ్గరపడ్డ పిల్లలూ కలిసి ఉంటారు. కానీ మీ ఆయనా అత్తగారూ ఈ మాట అడ్డం పెట్టుకుని అన్నీ కొట్టిపారేయకూడదు. ఎందుకంటే కొన్ని జబ్బులు సరిగ్గా ఈ వయసులోనే, ఈ మాట చాటునే దాక్కుంటాయి.

చూడాల్సినవి ఇవి. నేల మీద కూర్చున్నవాడిని లేవమనండి. చేతులు మోకాళ్ళ మీద, తొడల మీద పెట్టుకుంటూ తన మీద తనే ఎక్కుతున్నట్టు లేస్తున్నాడా? పిక్కలు ఒంటికి మించి లావుగా, గట్టిగా ఉన్నాయా? మునివేళ్ళ మీదే నడుస్తాడా? పరిగెత్తేటప్పుడు తరచూ పడిపోతున్నాడా, మెట్లెక్కడం నానాటికీ కష్టమవుతోందా? ఇలా ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించి కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే సీపీకే అనే రక్తపరీక్ష గురించి అడగండి. డుషెన్ అనే కండరాల జబ్బు దాదాపుగా మగపిల్లల్లోనే వస్తుంది, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య ఇలాగే బయటపడుతుంది. ఒకే వైపు చెయ్యి, కాలు బిగుసుకున్నట్టుండటం, ఒక చేతిని అసలు వాడకపోవడం కూడా చూపించాల్సినవే. ఒకప్పుడు వచ్చిన పని ఇప్పుడు రాకుండా పోయిందంటే అది ఏ వయసులోనైనా తీవ్రంగా తీసుకోవాలి. కళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. ఒక కంట్లో చూపు తక్కువున్న పిల్లలు ఆ సంగతి చెప్పలేరు, బంతి మాత్రం పట్టుకోలేరు. కాన్పు నెలలు నిండకముందే అయిందా, పుట్టినప్పుడు బరువు తక్కువా అన్నది మీరు రాయలేదు. అలాంటిదేమైనా ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

ఇవేవీ లేకపోతే ఒక మూడు నెలలు పైన చెప్పినవి చేయండి. అప్పటికీ చేతుల్లో, నడకలో ఏ మార్పూ లేకపోతే పిల్లల డాక్టర్ ద్వారా, రోజువారీ పనులు చేసుకోవడంలో తర్ఫీదు ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని కలవండి. బడి వయసు పిల్లల్లో నూటికి ఐదారుగురికి తెలివితేటలు బాగానే ఉన్నా ఒంటి పనుల్లో పొందిక కుదరదు. దాన్ని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు, ఐదేళ్ళలోపు సాధారణంగా నిర్ధారించరు. ఈ ఉత్తరం చదివే మిగతా ఊళ్ళవాళ్ళకి కూడా చెబుతున్నాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ ప్రభుత్వ బడులకీ వచ్చే వైద్య బృందాలు ఎదుగుదల లోపాలు కూడా చూస్తాయి, అవసరమైతే జిల్లా స్థాయి చికిత్సా కేంద్రానికి పంపుతాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీ దొరుకుతుంది. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఇలాంటి సాయం అంతా ప్రైవేటులోనే ఉందనుకోనక్కర్లేదు.

టీచర్‌ని శత్రువులా చూడకండి, అంతమంది పిల్లల్లో మీవాడి ఇబ్బంది ఆవిడ కంట పడింది. పోట్లాటకి వెళ్ళినట్టు కాకుండా ఇలా అడిగి చూడండి: "మేడమ్, ఒక మూడు నెలలు ఇంటి రాతపని ఆపుతాం, బదులుగా చేతుల బలానికి పనులు చేయిస్తాం. క్లాసులో వీడికి పుస్తకం బదులు పలకో బోర్డో ఇవ్వగలరా? సగం వర్క్‌షీట్ చేస్తే ఆ సగమే చాలనండి." 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దశని ఆటపాటలతో, చేతిపనులతో నడపమంటుంది, ఒకటో తరగతి ఆరేళ్ళకి అంటుంది. బడి ఒప్పుకోకపోతే ప్రిన్సిపాల్‌తో ఈ మాట ఎత్తొచ్చు, మొదటి రోజే ఎత్తకండి.

చివరగా పాప. తొమ్మిది నెలలకి ఆసరా లేకుండా కూర్చుంటోందా? కూర్చుంటుంటే పాకడం లేదని దిగులు వద్దు. కూర్చోకపోతే టీకాకి వెళ్ళేదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ప్రచురించిన లెక్కల్లో నూటికి నలుగురికి పైగా పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద అసలు పాకనే లేదు. ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. వాకర్ వల్ల నడక ముందు రాదు. మునివేళ్ళతో నేలని తోసుకుంటూ పోవడం అలవాటవుతుంది, తన కాళ్ళు తనకే కనిపించవు, బ్యాలెన్స్ నేర్చుకునే అవసరమే రాదు. పైగా క్షణంలో మెట్ల దగ్గరికో, స్టవ్ దగ్గరికో చేరుతుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. నేల మీద చాప పరిచి వదిలేయండి, పట్టుకుని నిలబడటానికి బరువైన స్టూలు ఒకటి చాలు. డబ్బు పెట్టి కొన్నదని అత్తగారు ఎవరికో ఇవ్వబోతారు. ఇచ్చేముందు చక్రాలు పీకేయండి, లేకపోతే అది ఇంకో ఇంట్లో తిరుగుతుంది.